పేరు చెప్పని సాక్ష్యం

మా బడి కరస్పాండెంటుగారికి ప్రతి తరగతి గోడకీ ఒక మైకు బిగించాలన్న బుద్ధి పుట్టింది. ఆయన గదిలో మీటలున్న పెట్టె ఒకటి ఉంటుంది. ఏ మీట నొక్కితే ఆ తరగతిలో మాట్లాడేదంతా ఆయనకి కూర్చున్నచోటే వినిపిస్తుంది. గుంటూరులో ఎవరిదో పెద్ద స్కూల్లో చూసొచ్చాడట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. సెల్‌ఫోను కొన్నవాళ్ళు అది నలుగురికీ కనపడేట్టు చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన, జిన్నింగు మిల్లుల మధ్య ఉండేది మా బడి. పత్తి సీజనులో దూది పోగులు ఎగిరొచ్చి పిల్లల జడల్లో, మా చాక్‌పీసు డబ్బాల్లో పడేవి. నేను అక్కడ ఇంగ్లీషు చెప్పేదాన్ని. మైకుల సంగతి తెలిసిన రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నాల దగ్గర పెద్ద వాదన జరిగింది. నాకు వాదన దొరికితే అన్నం అక్కర్లేదు.

"పాఠం సక్రమంగా చెప్పేవాళ్ళకి మైకంటే భయమెందుకు మేడమ్?" అన్నాడు లెక్కల మాస్టారు, ఆవకాయ ముద్ద కలుపుకుంటూ.

"మాస్టారూ, మీ ఇంట్లో బాత్రూముకి గొళ్ళెం ఉందా?"

"ఉందండి. ఏం?"

"ఎందుకూ? లోపల సారా కాస్తున్నారా?"

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారికి పొలమారింది. నేను ఊరుకోలేదు. గొళ్ళెం దొంగతనానికి పెట్టుకోము, మనుషులం కాబట్టి పెట్టుకుంటాము. నా మాట ఎవరు వినాలో నేనే తేల్చుకోవాలి, జీతమిచ్చినంత మాత్రాన చెవులు కూడా నా గదిలో పెడతాననడం ఏం మర్యాద అని గట్టిగా అడిగాను. ఇవాళ మైకంటాడు, రేపు కెమెరా అంటాడు, ఎల్లుండి మన పర్సులు వెతుకుతాడు అన్నాను.

"నువ్వు మరీ చెప్తావే" అంది నా పక్కన కూర్చున్న సైన్సు టీచరు. "ఉన్నదున్నట్టు బతికేవాళ్ళకి దాచుకోడానికి ఏముంటుందీ?"

అనేసి, చటుక్కున నా మొహం చూసి, తల వంచుకుని క్యారేజీ మూత పెట్టేసింది. ఎందుకంటే నేను దాచుకునేదేమిటో ఆ గదిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

నాకు ఫిట్స్ ఉన్నాయి. ఇప్పుడింత తేలిగ్గా రాసేశానుగానీ, అప్పట్లో ఆ మాట నా నోట్లోంచి ఊడిపడేది కాదు. సైన్సు టీచరూ నేనూ చిన్నప్పుడు ఒకే బెంచీ, తరవాత టీచరు ట్రైనింగులో ఒకే హాస్టలు. ఒక రోజు హాస్టలు భోజనాల గదిలో నేను పడిపోయాను. తాళాల గుత్తి తెండి, ఉల్లిపాయ తెండి అని అందరూ గోల చేస్తుంటే ఆమె నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, తన వోణీ తీసి నా మీద కప్పి, "ఉపవాసముంది, కళ్ళు తిరిగాయి, ఏం లేదు, పొండి" అని అందర్నీ తోలేసిందట. నాకు తెలివొచ్చేసరికి ఆమె చేయి నా నుదుటి మీద ఉంది. గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించింది కూడా ఆమే.

అప్పట్నుంచీ పొద్దునొక మాత్ర, మధ్యాహ్నమొకటి, రాత్రొకటి. మాత్ర తప్పకుండా వేసుకున్నాను కాబట్టి ఏళ్ళ తరబడి మళ్ళీ పడలేదు. మా ఆయనకి పెళ్ళికి ముందే చెప్పాను. జిన్నింగు మిల్లులో పని ఆయనకి. "మా మిల్లులో దుమ్ముకి అందరూ ఏదో ఒక బిళ్ళ మింగేవాళ్ళే, నువ్వూ మింగు" అన్నాడు, అంతే. మధ్యాహ్నం మాత్రలు వారానికి సరిపడా ఖాళీ పౌడరు డబ్బాలో వేసుకుని బడికి తీసుకెళ్ళేదాన్ని. అడిగినవాళ్ళకి గ్యాస్ బిళ్ళ అనేదాన్ని. బడిలో తెలిస్తే ఉద్యోగం ఉండదని నాకు బాగా తెలుసు. పిల్లల ముందు పడే టీచరుని ఎవరు ఉంచుకుంటారు? అది అంటుకుంటుందని నమ్మే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలకి పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని చేతకాదు, చేయాలనీ లేదు.

ఆ సాయంత్రం షేర్ ఆటోలో, పత్తి బోరేల లారీ వెనకాల నిలిచిపోయి ఉండగా ఆమె నా చేయి పట్టుకుంది.

"నోరు జారబోయిందే. నీ సంగతి మాత్రం నా నోట రాదు. మనలో ఒట్లు వెయ్యకూడదుగానీ, వేసినట్టే అనుకో."

మేమిద్దరం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, అక్కడ ఒట్లు వేయడం తప్పంటారు. ఒట్టు వేయకుండానే ఒట్టు లాంటి మాట చెప్పింది. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

మైకులు వచ్చాయి. బ్లాక్‌బోర్డు పైన, జల్లెడలాంటి గుండ్రటి మూతతో. పిల్లలు మొదట్లో దాని కింద నిలబడి "సార్ వందనాలండి" అని అరిచి పారిపోయేవాళ్ళు. నేను మాత్రం దాని వైపు వీపు పెట్టి పాఠం చెప్పడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం మాత్ర వేసుకునేటప్పుడు డబ్బా మూత చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని, స్టాఫ్ రూములో మైకు లేకపోయినా సరే. ఎంత పిచ్చిదాన్నో చూడండి. గోడకున్న దాన్ని చూసి భయపడ్డానుగానీ, పక్కన కూర్చుని నా క్యారేజీలో కూర వేసుకు తినే మనిషిని చూసి భయపడాలని నాకు తోచలేదు.

మిరపకోతలు మొదలై బడి సగం ఖాళీ అయిన రోజుల్లో సింగరాయకొండ వైపు ఎక్కడో క్రైస్తవ సభలు జరిగాయి. ఆమె వెళ్తూ నన్నూ రమ్మంది. మా ఆయనకి మిల్లులో తీరిక లేక నేను వెళ్ళలేకపోయాను. గొంతు బొంగురుపోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. "నువ్వు రావాల్సిందే, ఎంత బాగున్నాయో" అంది. అంతకుమించి చెప్పలేదు.

తరవాతి ఆదివారం సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే మా ఆయన టీవీ పెట్టాడు. మా పేట కేబులు వాళ్ళు సొంతంగా ఒక చానల్ నడిపేవాళ్ళు. పెళ్ళి వీడియోలు, పుట్టినరోజు ఫోటోలు, పత్తి ధర, ఎవరిదో గేదె తప్పిపోయిన ప్రకటన, అన్నీ అందులోనే. ఆ రోజు సభల వీడియో వేస్తున్నారు. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలుపెట్టారు. దేవుడు చేసిన మేలుని లేచి నలుగురిలో చెప్పడం మాకు ఆనవాయితీ. నేనూ చెప్పాను, చాలాసార్లు. నా సంగతులు, నా ఇష్టంతో.

స్టేజీ మీదికి ఆమె వచ్చింది. నేను ఇచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుంది.

"నా చిన్ననాటి స్నేహితురాలి గురించి సాక్ష్యం చెప్తాను. పేరు చెప్పను" అని మొదలుపెట్టింది. "మా బడిలోనే ఇంగ్లీషు చెప్తుంది. రోజూ నాతోపాటే ఆటోలో వస్తుంది. ట్రైనింగులో ఉండగా ఆమెకి మూర్ఛ వచ్చి నా కళ్ళముందే కొట్టుకుంటూ పడిపోయింది. ఆ రోజు నుంచీ ఆమె కోసం మోకాళ్ళ మీద ప్రార్థించాను. ఈ రోజు వరకు మళ్ళీ రాలేదు. పూర్తిగా స్వస్థత దొరికింది. ఒక్క మందుబిళ్ళ అవసరం లేకుండా దేవుడు ఆమెని నిలబెట్టాడు!"

జనం స్తోత్రం స్తోత్రమని చప్పట్లు కొట్టారు. ఆమె ఏడుస్తోంది. నటన కాదు, నిజంగా ఏడుస్తోంది. అదే నాకు మరీ మండింది.

మా ఆయన టీవీ కట్టేశాడు. "పేరైతే చెప్పలేదుగా" అన్నాడు.

"ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే ఆడమనిషిని నేనొక్కదాన్నే కదండీ! పేరొక్కటే దాచి మిగతా నన్నంతా తీసుకెళ్ళి స్టేజీ మీద నిలబెట్టింది. ఇంకేం మిగిల్చింది?"

చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. వోణీ కప్పిన మనిషి. నా మీద కప్పిన వోణీని ఇన్నేళ్ళ తరవాత తనే లాగేసింది.

పొద్దున ఆటోలో కూర్చోగానే ఆమే అడిగింది, "చూశావా? బాగా మాట్లాడానా?" అని.

"నన్నడిగావా?"

"అడిగితే నువ్వు వద్దనేదానివి" అంది. అంత తేలిగ్గా అనేసింది. "దేవుడు చేసిన మేలు దాచకూడదే. అయినా నీ పేరెక్కడ చెప్పాను?"

"మేలు నాకు జరిగింది, చెప్పుకుంటే నేను చెప్పుకుంటాను. నీదేం పోయింది? అసలు మందులు లేవని ఎవరు చెప్పారు నీకు? రోజూ నీ పక్కనే కూర్చుని మింగుతున్నానుగా!"

"అది నీ అలవాటు. నీకు విశ్వాసం చాలక మానలేకపోతున్నావు."

నేనూ విశ్వాసినేనమ్మా. ప్రార్థన చేసినందుకు దండం పెడతాను. కానీ నా ఒంట్లో సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలిసినట్టు మాట్లాడితే, ఆ ఆటోలో మిగతావాళ్ళంతా కళ్ళప్పగించి వింటుంటే, చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. ముందే దిగి, ఎండలో నడిచి బడికి వెళ్ళాను.

ఆ మధ్యాహ్నం నేను పౌడరు డబ్బా తీసేసరికి స్టాఫ్ రూములో మాటలు ఆగిపోయాయి. లెక్కల మాస్టారు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. సైన్సు టీచరు మాత్రం అందరికీ వినపడేట్టు, "ఇంకా దేనికే అది?" అంది. నేను మాత్ర నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగి, డబ్బా మూత టపామని కొట్టాను.

కరస్పాండెంటుగారు గదిలోకి పిలిచారు. మీటల పెట్టె మీద పచ్చ గుడ్డ కప్పి ఉంది.

"కూర్చోండి మేడమ్. టీవీలో వచ్చింది మీ గురించేనటగా? పేరెంట్స్ ఫోన్లు చేస్తున్నారు."

"నా గురించేనండి."

"నయమైందన్నారుగా, మంచిదే. వచ్చే పేరెంట్స్ మీటింగులో మీరే ఒక ముక్క చెప్పండి, ఇప్పుడు నాకేం లేదూ, మందులు కూడా లేవూ అని. అక్కడితో అయిపోతుంది. మీరు బాగా చెప్తారు, మిమ్మల్ని వదులుకోవడం నాకిష్టం లేదు."

"మాత్రలు వేసుకుంటున్నానండి."

"ఇంట్లో వేసుకోండి. ఇక్కడెవరికీ కనపడొద్దు."

అంటే దాచమన్నాడు! పాఠం చెప్పేటప్పుడు నా గొంతు కూడా దాచనివ్వని మనిషి, నిజాన్ని మాత్రం పౌడరు డబ్బాతో సహా ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ నిజం చెప్తాను, ఆ రోజు ఇంటికొస్తూ సరే అనేద్దామనే అనుకున్నాను. ఒక్క ముక్క చెప్తే నా తరగతి నాకుంటుంది. ఆమె మాటా నిలబడుతుంది.

ఆ వీడియో మళ్ళీ వేయకుండా ఆపించాలని కేబులు ఆఫీసుకి వెళ్ళాను. దాన్ని నడిపే భాయ్ మా పక్క బజారువాడే. ఇంటింటికీ ఎక్కి వైర్లు లాగిన రోజుల నుంచీ తెలుసు.

"అందులో తప్పేముంది మేడమ్? మంచి జరిగిందనే చెప్పిందిగా. పేరు లేదు, ఫోటో లేదు."

"భాయ్, నీ ఇంట్లో ఆడవాళ్ళ జబ్బు గురించి పేరు చెప్పకుండా, వీధి చెప్పి, ఇల్లు చెప్పి వేస్తే ఊరుకుంటావా?"

అతను చేతిలో టెస్టరు బల్ల మీద పెట్టేశాడు. "సరే, మళ్ళీ వెయ్యను. కానీ సీడీలు వాళ్ళే చేయించి పంచారండి. అవెక్కడెక్కడికి పోయాయో నేను చెప్పలేను." టెస్టరు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మిమ్మల్ని ఒకటి అడగాలి. మా చెల్లెలు మీ ఇల్లెక్కడని అడుగుతోంది. లోపలే ఉంది, పిలవనా?" అన్నాడు.

వెనక గదిలోంచి ఆ చెల్లెలు వచ్చింది. బురఖా మొహం మీద నుంచి తీసి, నమస్కారం పెట్టి, నా చేయి పట్టుకుంది.

"టీచరమ్మా, మా పాపకి కూడా అదే. బిళ్ళలు వేస్తే మందంగా ఉంటుంది, సరిగా ఆడుకోదు. మీకు బిళ్ళలు లేకుండానే పోయిందంటగా? ఆ సీడీ మా ఇంట్లో అందరం చూశాం. మా అత్త బిళ్ళలు ఆపెయ్యమంటోంది. ఆపెయ్యమంటారా?"

ఇది నా ఉద్యోగం సంగతి కాదని అప్పుడు అర్థమైంది. పర్సులోంచి పౌడరు డబ్బా తీసి మూత తీసి ఆమె చేతిలో పెట్టాను.

"చూడమ్మా. ఇవి నావే. పొద్దున వేసుకున్నాను, మధ్యాహ్నం వేసుకున్నాను, రాత్రికీ వేసుకుంటాను. ఆ సీడీలో చెప్పింది తప్పు. పాపకి ఒక్క పూట కూడా ఆపొద్దు. మందంగా ఉంటే డాక్టరుతో చెప్పు, మందు మారుస్తాడు. ఆపావంటే ప్రాణం మీదికొస్తుంది."

ఆమె మాత్రల వైపూ నా మొహం వైపూ మార్చి మార్చి చూసింది. "అయితే మరి టీవీలో అట్లా ఎందుకు చెప్పారండీ?" అంది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను, మీటింగులో నిజం చెప్పేస్తున్నానని. "ఉద్యోగం పోతుందే" అన్నాడు. "పోనీండి" అన్నాను. "సరే, పోనీ. మాత్ర మానేశావంటే మాత్రం నేనూరుకోను" అన్నాడు.

పేరెంట్స్ మీటింగు నాడు ఆవరణలో షామియానా వేశారు. కళ్ళాల్లోంచి నేరుగా వచ్చినవాళ్ళ బట్టల మిరప ఘాటుకి ముందు వరసలో టీచర్లు తుమ్ముతున్నారు. సైన్సు టీచరు ఆ వరసలోనే కూర్చుంది. నేను లేచేసరికి చేతులు జోడించి నవ్వింది. నయమైందని చెప్తానని ఆమెకి నమ్మకం.

"టీవీలో చెప్పిన టీచర్ని నేనే" అన్నాను మైకులో. "నాకు ఫిట్స్ ఉన్నాయి. నయం కాలేదు, మందులతో అదుపులో ఉన్నాయి. రోజూ మాత్ర వేసుకుంటాను. ఆ సీడీ చూసి మీ ఇళ్ళల్లో ఎవరైనా మందులు మానేస్తే, దయచేసి మళ్ళీ మొదలుపెట్టించండి. ఇది అంటుకునే జబ్బు కాదు."

ఒక రైతు లేచాడు. "మరి పిల్లల ముందు పడితే ఏందమ్మా మా పరిస్థితి?"

"పడితే పక్కకి తిప్పి పడుకోబెట్టమని పిల్లలకి నేనే నేర్పుతాను బాబాయ్. అది కూడా చదువే."

కొందరు తలలూపారు. ఎక్కువమంది ఊపలేదు. కరస్పాండెంటుగారు మర్నాడే పిలిచి, మీ ఆరోగ్యం దృష్ట్యా విశ్రాంతి తీసుకోండన్నారు. నా తరగతి పిల్లలకి వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళి, మాట రాక, బోర్డు మీద ఉన్న దూది పోగులు తుడిచి బయటికొచ్చేశాను. గోడ మీద మైకు నా వైపే ఉంది. ఆ నిశ్శబ్దం వినే ఉంటాడు.

గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. క్షమించమంటుందనుకున్నాను, ఇంకా బుద్ధి రాలేదు నాకు.

"నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చేశావు" అంది, కళ్ళనిండా నీళ్ళతో. "ఇంక చర్చిలో నా మొహం ఎట్లా చూపించుకోను? నీ కోసం ఎంత చేశానే! నీ పేరు కూడా చెప్పలేదు, అంత జాగ్రత్తగా మాట్లాడాను."

"నేను కూడా నీ పేరు చెప్పలేదుగా!" అన్నాను. వెళ్ళిపోయింది. ఎప్పుడైనా బజారుకి వెళ్తూ ఆటోలో ఎదురుబొదురు కూర్చున్నా ఆ తరవాత మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆ పాపకి బిళ్ళలు ఆపలేదని భాయ్ బిల్లు వసూలుకి వచ్చినప్పుడు చెప్పాడు. నేను మా వరండాలో ట్యూషన్లు పెట్టుకున్నాను. మొదటి రోజే పిల్లలకి నా జబ్బు సంగతి చెప్పి, పక్కకి తిప్పడం నేర్పించాను. ఉద్యోగం పోయిన బాధ కొన్నాళ్ళకి తగ్గింది. ఆమె మీద కోపం తగ్గలేదు. ఒళ్ళు తూలినట్టనిపించినప్పుడల్లా నుదుటి మీద ఆ చేయే గుర్తుకొస్తుంది, దాంతోపాటే ఆ ఆకుపచ్చ చీరా గుర్తుకొస్తుంది. ఒకటి లేకుండా రెండోది రాదు.

ఇందులో నేను ఎవరి పేరూ రాయలేదు. సైన్సు టీచరని రాశాను, హాస్టలని రాశాను, ఆకుపచ్చ చీరని రాశాను. చదివినవాళ్ళలో మా బడివాళ్ళు ఉంటారు, మా చర్చివాళ్ళు ఉంటారు. ఆమె ఎవరో మొదటి పేజీలోనే వాళ్ళకి తెలిసిపోతుంది. ఆమెని అడిగి రాయాల్సింది. అడిగితే వద్దనేది.